ప్యాచ్ వేశాం కదా, రీస్టార్ట్ ఎందుకు?

ప్రశ్న: మాది చీమకుర్తిలో గ్రానైట్ పలకలు పాలిష్ చేసే చిన్న ఫ్యాక్టరీ. బిల్లులు, లారీల లెక్కలు ఉబుంటు (ఒక రకం లైనక్స్) సర్వర్‌లో ఉన్నాయి. అప్‌డేట్లు వేస్తున్నాం గానీ, రెండేళ్లుగా దానిని ఒక్కసారీ ఆపలేదు. కెర్నెల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో, లోపం బయటపడిందనీ, రీస్టార్ట్ చేయక తప్పదనీ ఒంగోలు నుంచి వచ్చిన టెక్నీషియన్ అంటున్నారు. అడ్మిన్ పాస్‌వర్డ్ నా ఒక్కడికే తెలుసు. గుమాస్తాలు బిల్లింగ్ పేజీ తప్ప మరేదీ తెరవరు. అయినా ప్రమాదమేనా?
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: ప్రమాదమేనండి. అప్‌డేట్ వేసినప్పుడు కొత్త కెర్నెల్ డిస్కులోకి చేరుతుంది గానీ, మెమరీలో నడుస్తున్నది మాత్రం రెండేళ్ల కిందట సర్వర్ ఆన్ చేసిననాటి పాతదే. ‘యూనేమ్ -ఆర్’ (uname -r) కమాండ్ ఇచ్చి చూడండి. ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ ఏదో అదే చెబుతుంది.

ఇక పాస్‌వర్డ్ మాట. ఏ ఫైలును ఎవరు ముట్టుకోవచ్చో తేల్చేదే కెర్నెల్ కాబట్టి, దానిలోనే లోపం ఉంటే మీ పాస్‌వర్డ్ జోలికి వెళ్లకుండానే అడ్మిన్ అధికారం సంపాదించవచ్చు. 2022 మార్చిలో మాక్స్ కెల్లర్‌మన్ అనే ప్రోగ్రామర్ వెల్లడించిన ‘డర్టీ పైప్’ అలాంటిదే: చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైలులో, పాస్‌వర్డ్ల ఫైలుతో సహా, సాధారణ యూజర్ తన రాత రాయగలిగేవాడు. ఆయన వెతికింది భద్రతా లోపం కోసం కాదు, కొన్ని లాగ్ ఫైళ్లు (సర్వర్ తన పనులను నమోదు చేసుకునేవి) ఎందుకు పాడవుతున్నాయో తెలుసుకోవడానికి! 2016లో సరిచేసిన ‘డర్టీ కౌ’ అనే మరో కెర్నెల్ లోపమైతే 2007 నుంచి దాగి ఉంది. దానిని ఎన్నో ఏళ్ల ముందే సరిచేయబోయాననీ, ఆ మార్పును తరవాత వెనక్కు తీసుకోవలసి వచ్చిందనీ లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ స్వయంగా ఒప్పుకున్నారు.

గుమాస్తాలు బిల్లింగ్ పేజీకే పరిమితమైనా, ఆ పేజీని నడిపే ప్రోగ్రాం కూడా సర్వర్ దృష్టిలో ఒక సాధారణ యూజరే. అందులో చిన్న కన్నం దొరికిన వాడికి తరవాతి మెట్టు కెర్నెల్ లోపమే. పైగా లైనక్స్‌లో సవరణ అందరికీ కనిపించేటట్లు విడుదలవుతుంది. పాత కోడ్‌నూ కొత్త కోడ్‌నూ పోల్చి చూస్తే లోపం ఎక్కడుందో తెలిసిపోతుంది కనుక, ప్యాచ్ వచ్చాక ఆలస్యం చేసేవారికే ముప్పు ఎక్కువ.

నడుస్తుండగానే కెర్నెల్‌ను సవరించే లైవ్‌ప్యాచ్ సదుపాయం ఉంది. అది తీవ్రమైన లోపాలకే, రీస్టార్ట్‌ను వాయిదా వేసుకోవడానికే పనికివస్తుంది. రెండేళ్లు ఆగని సర్వర్ అని గర్వపడేవారిని నేనూ చూశాను గానీ, అది రెండేళ్లుగా సవరణ అందని కెర్నెల్ అని కూడా అర్థం. మీది ఉబుంటు 20.04 వెర్షన్ అయితే దాని సాధారణ మద్దతు 2025 మేలోనే ముగిసింది. ముందు ఆ సంగతి చూసుకోండి.

చివరి లారీ వెళ్లాక, బ్యాకప్‌ను వేరే డిస్కులోకి తీసి, అది తెరుచుకుంటోందో లేదో చూసుకుని, టెక్నీషియన్ దగ్గర ఉండగానే రీస్టార్ట్ చేయించండి. కొత్త కెర్నెల్‌తో సర్వర్ లేవకపోతే, బూట్ మెనూలో పాతది సాధారణంగా ఉంటుంది; దానితో లేపి, కారణం వెతకవచ్చు.