శ్రీవారి మెట్టు దగ్గర గడ్డిలో ఎగిరే గోధుమరంగు సీతాకోకచిలుక ఏది?

శ్రీవారి మెట్టు దగ్గర మార్చిలో గడ్డి మీద చూసిన చిన్న గోధుమరంగు సీతాకోకచిలుక బుష్‌బ్రౌనేనా అని అడిగారు. ముందు రెక్క మీద పసుపు వలయం ఉందనీ, ఎండలో మోకాలెత్తు దాటకుండా గెంతుతున్నట్టు ఎగిరిందనీ రాశారు. అయితే అది బుష్‌బ్రౌన్ కాదండీ. బుష్‌బ్రౌన్ ఎక్కువగా చెట్ల నీడనే తిరుగుతుంది, రెక్కలు ముడిస్తే రెండు రెక్కల మీదుగా లేత గీత ఒకటి దిగుతుంది. మీరు చూసింది రింగ్ సీతాకోకచిలుకల్లో ఒకటి.

వీటిలో ఏది ఏదో పైనుంచి చూసి తేల్చలేం. పసుపు వలయం, అందులో కన్నులా కనిపించే నల్లని మచ్చ (దీన్నే కన్ను అంటాం), దాని నడుమ రెండు వెండి చుక్కలు దాదాపు అన్నింటికీ ఉంటాయి. చూడాల్సింది వెనుక రెక్క అడుగుభాగం. బూడిద కలిసిన తెలుపు మీద సన్నని గోధుమ గీతలు, పై మూలన ఒక పెద్ద కన్ను, కింది మూలన వరుసగా మూడు చిన్నవి ఉంటే కామన్ ఫోర్ రింగ్, శాస్త్రీయ నామం ఇప్థిమా హ్యూబ్నెరి. కళ్లు మూడే ఉంటే త్రీ రింగ్. జతలు జతలుగా ఉంటే ఫైవ్ రింగ్. నాలుగున్నా వెనుక రెక్క చాలావరకు తెల్లగా ఉంటే వైట్ ఫోర్ రింగ్.

అసలు చిక్కు కాలంతో వస్తుంది. మన తిరుపతి వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు పడి గడ్డి పచ్చగా ఉన్నప్పుడు ఈ కళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. ఆ రోజుల్లో కల్యాణి డ్యామ్ వైపు వెళ్తే, వెనుక రెక్క అంచున సరిగ్గా కన్ను ఉన్నచోటే గాటు పడినవి నాకు తరచూ కనిపిస్తాయి. పిట్టో తొండో తల అనుకుని అక్కడ పొడిచి ఉంటుంది. రెక్క చిరిగినా ప్రాణం దక్కింది! గడ్డి ఎండాక పుట్టే తరానికి ఆ కళ్లు సూదిమొన చుక్కలుగా కుంచించుకుపోతాయి. ఎండుగడ్డిలో కలిసిపోవడమే అప్పుడు వాటికి రక్ష.

మీది మార్చి ఫోటో కాబట్టి పెద్ద కళ్ల కోసం చూడకండి. ఫోటోను బాగా పెద్దది చేసి, వెనుక రెక్క అంచు వెంట చుక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూడండి. రెక్కలు విప్పిన ఫోటోనే ఉంటే మళ్లీ ఒక ఉదయం వెళ్లండి. ఎండ కాగేటప్పుడు రెక్కలు సగం తెరిచి కూర్చుంటుంది, మబ్బు పట్టగానే ముడుస్తుంది. అప్పుడు నేల మట్టానికి వంగి పక్కనుంచి తీయండి.