నీలిమంచు మీద రాళ్లు ఏరబోయే అమ్మాయికి

చిరంజీవి సుధకు ఆశీస్సులు.

ఉల్కాశిలలు, అంటే అంతరిక్షం నుంచి భూమ్మీద పడిన రాళ్లు, వెతికే అంటార్కిటికా బృందంలో నీకు చోటు దొరికిందని విని చాలా సంతోషించాను. ఉల్కాశిల కంటపడడం పెద్ద కష్టం కాదమ్మా. చెయ్యీ వేడీ తగలకుండా దాన్ని ప్రయోగశాలకు చేర్చడమే కష్టం.

తెల్లటి మంచులో వెతికి కాలం వృథా చేయకు. సముద్రంవైపు కదిలే మంచుపలక కొండ అడ్డొచ్చిన చోట ఆగి పైకి లేస్తుంది. అక్కడ గాలి దాన్ని ఏటేటా అరగదీస్తుంటే, వేల ఏళ్లుగా లోపల కూరుకున్న రాళ్లు నీలిమంచు మీద తేలతాయి. 1969లో యమాటో పర్వతాల దగ్గర జపాన్ బృందానికి దొరికిన 9 రాళ్లు ఒకే రకానివి కావు, అంటే ఒక్కసారి పడినవి కావు. ఈ కిటుకు బయటపడింది అలాగే.

స్నోమొబైళ్లు 30 మీటర్ల ఎడంలో వరుసగా, నెమ్మదిగా పోవాలి. కొండరాళ్లు లేని మంచు మీద నల్లగా ఏది కనిపించినా ఆగు. మొరైన్‌లో, అంటే కదిలే మంచు మోసుకొచ్చి పోసిన రాళ్లగుట్టలో, మాత్రం కాలినడకే, అక్కడ ప్రతి నల్లరాయీ మోసం చేస్తుంది. చిన్నదని ఏదీ వదలకు. చంద్రుడి నుంచి వచ్చిందని మొదటగా గుర్తించిన ఉల్కాశిల, 1982లో అలన్ హిల్స్‌లో దొరికింది, 31 గ్రాములే.

రాయి కనబడితే బండిని గాలివాలుకు ఆపు, పొగ దాని మీదికి పోకూడదు. వంగేటప్పుడు ముక్కు తుడుచుకో. నవ్వకు, ఆ చలిలో ముక్కు కారుతూనే ఉంటుంది. ఒక్క చుక్క పడినా, రేపు అమైనో ఆమ్లాలు వెతికేవాళ్లకు దొరికేవి నీవే. నంబరు బిళ్ల, స్కేలు పక్కన పెట్టి ఫొటో తియ్యి. జీపీఎస్ స్థానం, కొలతలు, గాలిలో దూసుకొస్తూ కాలి ఏర్పడిన నల్లటి పెచ్చు ఎంత మిగిలిందో పెన్సిల్‌తో రాసుకో, పెన్ను గడ్డకడుతుంది. శుభ్రం చేసిన పటకారుతో టెఫ్లాన్ సంచిలో వేసి, బిళ్ల రాయికి తగలకుండా సంచి మడతలో పెట్టి టేపు వెయ్యి. అయస్కాంతంతో పరీక్షించకు, రాయి అంతరిక్షం నుంచి మోసుకొచ్చిన పాత అయస్కాంత ముద్ర చెరిగిపోతుంది.

సంచిని డేరాలోకి తేకు. మంచు కరిగితే లోహపు రేణువులు తుప్పు పడతాయి. రాయి భూమ్మీద పడి ఎన్నాళ్లయిందో చెప్పే క్లోరిన్-36 అనే రేడియోధార్మిక క్లోరిన్‌ను ఎక్కువగా ఆ రేణువుల నుంచే తీస్తారు, దాని అర్ధాయువు, అంటే అది సగానికి తరిగే కాలం, సుమారు 3 లక్షల ఏళ్లు. అందుకే దారంతా గడ్డకట్టిన స్థితిలోనే పంపి, ప్రయోగశాలలో పొడి నైట్రోజన్ పెట్టెలో కరిగిస్తారు. ఆపై 30 మైక్రాన్ల పలుచని ముక్క కోసి, ఆలివిన్ అనే ఖనిజంలో ఇనుము ఎంతుందో చూసి రకం తేలుస్తారు.

స్థానం నమోదులో బద్ధకించావో, పక్కపక్కన దొరికిన రెండు ముక్కలు ఒకే ఉల్కవా వేరువేరువా అన్నది తేల్చడం వాళ్లకు నరకమే.

మీ పెదనాన్న