ఇష్టమైన బ్యాండ్ లైవ్ షో చూసి నిరాశపడ్డారా? మళ్లీ టికెట్ కొంటారా?

నిరాశపడ్డాను. బాగా. హాస్టల్ రోజుల నుంచి నేనూ మా చెల్లీ ప్రాణంగా విన్న బ్యాండ్ అది, పేరు మాత్రం రాయను. వాళ్లు హైదరాబాద్ వస్తున్నారని తెలియగానే ఇద్దరికీ టికెట్లు తీసుకున్నాను. గచ్చిబౌలి వైపు ఆరుబయట షో.

చాలా ఆలస్యంగా మొదలుపెట్టారు. ప్రత్యేక అనుమతి లేకపోతే రాత్రి పది దాటాక ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లోనే ఉంది. కాబట్టి ఆలస్యమయ్యే కొద్దీ కోత పడేది పాటలకే. మా చెల్లి ఎదురుచూసిన పాత పాటలు అలాగే పోయాయి. సౌండ్ కూడా అంతంతమాత్రం. మేం వెనకాల ఉన్నాం. స్క్రీన్ మీద డ్రమ్మర్ చెయ్యి ముందు పడేది, దెబ్బ తర్వాత వినబడేది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే వెళ్తుంది కదా, వంద మీటర్ల దూరంలో దాదాపు 0.3 సెకన్ల తేడా వస్తుంది. ఇవేవీ నాకు పెద్ద బాధ అనిపించలేదు. ఆరుబయట షోలో ఇలాంటివి కొన్ని మామూలే.

మనసు విరిగింది వయొలిన్ దగ్గర. వాళ్ల పాటల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ వయొలినే. స్క్రీన్ మీద క్లోజప్ వేశారు. ఆయన కమాను తీగల మీంచి తీసి జనానికి చెయ్యి ఊపుతున్నాడు, వయొలిన్ మాత్రం మోగుతూనే ఉంది. ఆ తర్వాత సింగర్‌ని గమనించడం మొదలుపెట్టాను. పల్లవి మధ్యలో మైకు జనం వైపు తిప్పినా ఆ గొంతు స్పీకర్లలో అలాగే సాగింది. మా చెల్లి నా వైపు చూసింది. ఏమీ అనలేదు గానీ, అక్కడి నుంచి తను పాడటం మానేసింది.

నేను బ్యాకింగ్ ట్రాక్‌లకు, అంటే ముందే రికార్డు చేసి షోలో వినిపించే ముక్కలకు, వ్యతిరేకిని కాదు. ఈ రోజుల్లో చాలా బ్యాండ్లు కోరస్, సింథ్ లాంటివి లాప్‌టాప్ నుంచి వదులుతాయి. డ్రమ్మర్ ఇయర్‌ఫోన్‌లో తాళం చెప్పే టక్‌టక్ శబ్దం (క్లిక్) వింటూ దానికి తగ్గట్టు వాయిస్తాడు. స్టేజి మీద నలుగురే ఉన్నప్పుడు అది అవసరం కూడా. కానీ అసలు గొంతు, అసలు వాయిద్యం కూడా టేపు నుంచే వస్తే ఇక వాళ్లు అక్కడ ఉండి ఏం లాభం? 1989లో అమెరికాలో మిల్లీ వనిల్లీ అనే పాప్ జోడీ స్టేజి మీద ఉండగా ట్రాక్ ఇరుక్కుపోయి ఒకే ముక్క పదేపదే వినబడింది. ఆల్బమ్‌లో పాడింది కూడా వాళ్లు కాదని బయటపడ్డాక, 1990లో వాళ్ల గ్రామీ అవార్డు వెనక్కి తీసుకున్నారు. మా బ్యాండ్ సంగతి అలా కాదు. వీళ్లకు నిజంగా పాడటం వచ్చు, వాయించడం వచ్చు. వచ్చి కూడా చెయ్యలేదు. అందుకే ఇంకా ఎక్కువ బాధ.

2023 సెప్టెంబరులో చెన్నైలో రెహమాన్ కచేరీకి టికెట్ ఉండి కూడా ఎంతోమంది లోపలికే వెళ్లలేకపోయారు. తొక్కిసలాట లాంటి పరిస్థితి. ఇబ్బంది పడినవాళ్లు టికెట్ కాపీ పంపమని ఆయనే అడిగారు. అది ఏర్పాట్ల లోపం, దాన్ని సరిదిద్దుకోవచ్చు. స్టేజి మీద నిలబడి పాడకపోవడాన్ని మాత్రం నేను క్షమించలేను.

మళ్లీ కొంటానా అంటే, కొంటాను, కానీ ముందు చూసుకుని. బ్యాండ్ వాళ్లు పెట్టే వీడియోలు కాదు, జనం ఫోన్‌లో తీసినవి యూట్యూబ్‌లో వెతుకుతాను. ఒకే పాట రెండు ఊళ్లలో పాడినవి పక్కపక్కన వినండి. నిజంగా పాడేవాళ్లకి ఎక్కడో ఒకచోట ఊపిరి అందదు, ఒక ఊళ్లో సాగదీసింది ఇంకో ఊళ్లో తుంచేస్తారు. రెండూ అచ్చు గుద్దినట్టు ఉంటే నేను టికెట్ కొనను. కొన్నాక సౌండ్ ఇంజినీర్ కూర్చునే మిక్సింగ్ కన్సోల్‌కి దగ్గరలో నిలబడండి. ఆయన తన చెవికి వినబడేదాన్ని బట్టే అన్నీ సరిచేస్తాడు కాబట్టి అక్కడ సౌండ్ మిగతా చోట్లకంటే బాగుంటుంది.