సెకండ్ షో వదిలాక ఎక్కడికెళ్ళాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే సంగతి చుట్టూ తిరుగుతున్నాయి. రాసింది నాలుగు ఊళ్ళవాళ్ళు, వయసులు వేరు, కష్టాలు వేరు. స్వలింగ ప్రేమికులైన మనవాళ్ళు పదిమంది రాత్రిపూట కలిసి కూర్చునే చోట్లు ఒక్కొక్కటీ ఎందుకు పోతున్నాయి, పోతే మేమెక్కడికి పోవాలి అని అడుగుతున్నారు. పేర్లు తీసేసి, ఉత్తరాలు కాస్త కుదించి వేస్తున్నాను.

ప్రశ్న: నాకు 29. ఎమ్మెస్ కోసం వెళ్ళి న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర నాలుగేళ్ళున్నాను, ఉద్యోగం పోయి నిరుడు ఇంటికొచ్చేశాను. అక్కడ మా అపార్ట్‌మెంట్‌కి ఇరవై నిమిషాల దూరంలో హైవే పక్కన ఒక గే బార్ ఉండేది. ఎవరైనా చూస్తారేమో అనే భయం లేకుండా నేను మొదటిసారి కూర్చున్నది అక్కడే. మొన్న ఫ్రెండ్ ఫోన్ చేసి, అది మూసేశారు, ఆ స్థలంలో రెస్టారెంట్ వచ్చింది అన్నాడు. రెండు రోజులు అన్నం సయించలేదు. ఒక బార్ మూసేస్తే ఇంత బాధేంటన్నయ్యా? అసలు ఎందుకు మూసేస్తున్నారు? (పేరు వద్దు, భీమవరం)

జవాబు: బాధపడు తమ్ముడూ, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కన్నవాళ్ళ దగ్గర కూడా దాచిన సంగతిని దాచక్కర్లేకుండా కూర్చున్న చోటు పోతే ఎవరికైనా అన్నం సయించదు.

నేనూ 2001 నుంచి 2013 దాకా ఆ చుట్టుపక్కలే ఉన్నాను. నేను వెళ్ళే బార్‌కి బోర్డు ఉండేది కాదు. రోడ్డు వైపు తలుపు ఎప్పుడూ వేసే ఉండేది, కార్లు వెనకాల పెట్టుకుని అటునుంచే లోపలికి వెళ్ళాలి, రోడ్డు మీద పోయేవాళ్ళకి ఎవరి కారూ కనిపించకూడదని ఆ ఏర్పాటు. మొదటి రోజు కారులోనే ముప్పావుగంట కూర్చుండిపోయాను. చివరికి దిగి లోపలికెళ్తే డెబ్భై ఏళ్ళ పెద్దాయన ఒకాయన పక్క స్టూలు ముందుకు లాగి కూర్చోమన్నాడు. మీదే ఊరు అని అడిగాడు. కొవ్వూరు గురించి, గోదావరి గురించి గంటసేపు చెప్పాను, ఆ గంటలో నాకు పెళ్ళయిందా అని ఆయన అడగలేదు.

మీ ఎడిసన్ పక్కనే జరిగిన కథ ఒకటి నాకు చెప్పింది కూడా ఆయనే. 1967 దాకా న్యూజెర్సీలో మద్యం శాఖ వాళ్ళు, గేలని చూడగానే తెలిసేవాళ్ళు బార్‌లో గుంపుగా చేరితే ఆ బార్ లైసెన్సు ఆపేసేవాళ్ళు, ఒక్కోసారి రద్దే చేసేవాళ్ళు. తాగి గొడవ చేయక్కర్లేదు, ఊరికే కూర్చున్నా చాలు. నెవార్క్‌లో ఒకటి, అట్లాంటిక్ సిటీలో ఒకటి, న్యూ బ్రన్స్‌విక్‌లో ఒకటి, మూడు బార్ల వాళ్ళు దీని మీద కోర్టుకెక్కారు. ఆ ఏడాది నవంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు వాళ్ళ వైపు తీర్పిచ్చింది, మర్యాదగా ఉన్నంతవరకు ఎవరైనా బార్‌లో కూర్చోవచ్చని. న్యూయార్క్‌లో స్టోన్‌వాల్ అనే బార్ మీదికి పోలీసులొస్తే మనవాళ్ళు ఎదురుతిరిగిన గొడవ 1969 జూన్‌లో జరిగింది, ఈ తీర్పు అంతకంటే ఏడాదిన్నర ముందుది. ఆ స్టూలు అలా గెలుచుకున్నది, తమ్ముడూ. నీకు అంత దుఃఖం రావడంలో తప్పేముంది?

ఎందుకు మూసేస్తున్నారంటే అందరూ ఫోన్ వల్లే అంటారు. అదీ ఉంది. మగవాళ్ళు మగవాళ్ళని వెతుక్కునే ఫోన్ యాప్ గ్రైండర్ 2009లో వచ్చింది, ఆ తర్వాత మనిషిని వెతుక్కోవడానికి బార్‌కి వెళ్ళాల్సిన పని లేకపోయింది. కానీ శివారు బార్ల కష్టం దానికంటే పెద్దది. న్యూజెర్సీలో బార్ లైసెన్సులు ఊరి జనాభాని బట్టి ఇస్తారు, కొత్తది కావాలంటే మూడు వేల మందికి ఒకటే లెక్క. అందుకని ఉన్న లైసెన్సులు లక్షల డాలర్లు పలుకుతాయి. బార్ నడిపే ఆయన ముసలివాడై అలిసిపోయాక, వారానికి రెండు రాత్రులు మాత్రమే నిండే చోటు నడపడం కంటే లైసెన్సు ఒక రెస్టారెంటుకి అమ్ముకోవడమే ఆయనకి లాభం. నీ బార్‌కి కూడా ఇదే జరిగి ఉంటుందని నా అనుమానం. ఇంకోటి, సిటీలో అయితే తాగి రైలెక్కొచ్చు, శివార్లో కారు లేందే ఇల్లు చేరలేం, తాగి నడిపితే పట్టుకునే హద్దుని 2004లో రక్తంలో మద్యం 0.08 శాతానికి దించారు. అదొక మంచి చట్టం, నేను దాన్ని తప్పు పట్టను, కానీ దాంతో మూడో గ్లాసు అమ్ముడుపోవడం ఆగిపోయింది. కుర్రాళ్ళేమో ముప్పావుగంట రైలెక్కి న్యూయార్క్ వెళ్ళిపోతారు. 2013 అక్టోబరులో ఆ రాష్ట్రంలో పెళ్ళిళ్ళు కూడా చట్టబద్ధం అయ్యాయి, జంటలు అందరితోపాటు మామూలు హోటళ్ళలోనే కూర్చుంటున్నారు. ఇవన్నీ అయ్యాక 2020లో కోవిడ్ వచ్చింది.

ఓబర్లిన్ కాలేజీలో గ్రెగర్ మాట్సన్ అనే సోషియాలజీ ప్రొఫెసర్ పాత గైడు పుస్తకాల్లో పేర్లు లెక్కపెట్టి చూస్తే, అమెరికాలో గే బార్లు 2007కీ 2019కీ మధ్య 37 శాతం తగ్గాయి. నల్లవాళ్ళు, మనలాంటి రంగువాళ్ళు ఎక్కువగా వెళ్ళే బార్లు 59 శాతం తగ్గాయి. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ రెండో లెక్క.

యాప్‌లో నువ్వు ఎవరిని చూడాలో వయసు పెట్టి, దూరం పెట్టి ముందే వడకట్టుకుంటావు. నాకు స్టూలు జరిపిన పెద్దాయన నా ఫోన్‌లో ఎన్నటికీ కనిపించేవాడు కాదు.

ప్రశ్న: బాబూ, నాకు 61. మా అమ్మాయి డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉద్యోగం చేస్తోంది. ఇంకో అమ్మాయితో కలిసి ఉంటున్నానని పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు చెప్పింది. చాలా ఏడ్చాను, తర్వాత సర్దుకున్నాను. ఇప్పుడు ఇద్దరూ శనివారం రాత్రి ఆడవాళ్ళ బార్‌కి వెళ్తారట. బార్ అంటే నాకు తెలిసింది మా వీధి చివర వైన్‌షాపే, అక్కడ జరిగేది రోజూ చూస్తూనే ఉన్నాను. నాకు ఒకటే టెన్షన్. అది ఎలాంటి చోటు? (పాలకొల్లు నుంచి ఒక తల్లి)

జవాబు: అక్కా, ముందు మీకు నమస్కారం. సర్దుకున్నానని మీరు ఒక్క మాటలో రాసేశారు, ఆ మాట రాయడానికి కొందరు తల్లులకి పదేళ్ళు పడుతుంది, కొందరు రాయకుండానే వెళ్ళిపోతారు.

మీ వీధి చివరి వైన్‌షాపుని మనసులోంచి తీసేయండి. పేరంటానికి ఆడవాళ్ళు చేరినట్టు చేరి, పాటలు పెట్టుకుని, డాన్సు చేసి, కబుర్లు చెప్పుకునే చోటు అనుకోండి. డాలస్‌లో సీడర్ స్ప్రింగ్స్ రోడ్డు ప్రాంతంలో స్యూ ఎలెన్స్ అని ఒక లెస్బియన్ బార్ ఉంది, 1989లో తెరిచారు. మీ అమ్మాయి వెళ్ళేది అదేనేమో అడగండి. అమెరికా మొత్తం మీద ఇలాంటివి 1980ల్లో రెండొందల దాకా ఉండేవి, 2020 నాటికి పాతిక కూడా మిగల్లేదు, ఆ తర్వాత కొన్ని కొత్తవి తెరుచుకున్నాయి. మగవాళ్ళ బార్లకంటే ఆడవాళ్ళవే ముందు పోయాయి. ఆడవాళ్ళ చేతిలో డబ్బు తక్కువ, అద్దె అందరికీ ఒకటే. అందుకే ఫ్రిస్కో లాంటి శివారులో ఉండే పిల్లలు అంత దూరం కారు నడుపుకుని ఊళ్ళోకి వెళ్తున్నారు.

తాగుడు గురించి మీ భయం తీసిపారేసేది కాదు. అడగండి, కానీ వెళ్ళొద్దని కాకుండా, రాత్రి తిరిగొచ్చేటప్పుడు కారు ఎవరు నడుపుతారమ్మా అని అడగండి. ఇంకో మాట, ఆ రెండో అమ్మాయి పేరు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఈసారి ఫోన్ చేసినప్పుడు ఆ పిల్లని కూడా పలకరించండి, ఏం తిన్నావమ్మా అంటే చాలు.

ప్రశ్న: అన్నా, నాకు 23, ఊరు అమలాపురం దగ్గర. మీరు బార్లు మూసేస్తున్నారంటారు, మాకు మూయడానికి అసలు తెరిచిందే లేదు. యాప్ ఒక్కటే. పోయిన నెల ఒకడు రమ్మంటే వెళ్ళాను, అక్కడ ముగ్గురున్నారు. ఫొటోలు తీసి ఇంట్లో చెప్తామని ఫోన్ పేలో పన్నెండు వేలు వేయించుకున్నారు. మళ్ళీ అడుగుతున్నారు. యానాంలో బార్లలో మనవాళ్ళు కలుస్తారని విన్నాను, నిజమేనా? హైదరాబాద్ వెళ్ళిపోనా?

జవాబు: నాన్నా, ముందు డబ్బు వేయడం ఆపు. ఇంకో రూపాయి వేసినా వాళ్ళు ఆగరు. మెసేజ్‌లు, నంబర్లు, డబ్బు వేసిన వివరాలు స్క్రీన్‌షాట్లు తీసి ఇంకొకరి దగ్గర కూడా దాచు. ఆన్‌లైన్‌లో డబ్బు పోయినవాళ్ళు ఫిర్యాదు చేసే నంబరు 1930. కొడతామని మీదికొస్తే 112. వాళ్ళు చేసింది బెదిరించి డబ్బు గుంజడం, భారతీయ న్యాయ సంహితలో 308వ సెక్షన్ కింద నేరం. నువ్వు చేసింది నేరం కాదు. ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్ళ మధ్య జరిగేది నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు చెప్పింది, దాన్ని నేరమన్న పాత చట్టంలోని 377వ సెక్షన్ కొత్త సంహితలో అసలు లేనే లేదు. స్టేషన్‌కి ఒంటరిగా వెళ్ళకు, తెలిసిన లాయర్‌నో నమ్మకమైన స్నేహితుణ్ణో వెంటబెట్టుకుని వెళ్ళు. రాత్రిళ్ళు నిద్ర పట్టకపోతే 14416కి ఫోన్ చెయ్యి, అది టెలీ మానస్, ప్రభుత్వానిది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇకమీదట ఎవరినైనా మొదటిసారి కలిస్తే పగలు, పదిమంది ఉండే టిఫిన్ హోటల్లో కలువు. వాళ్ళ రూముకి గానీ తోటల వైపు గానీ మొదటి రోజు వెళ్ళొద్దు.

యానాం సంగతి. అది పుదుచ్చేరి కిందది కాబట్టి మందు చవక, ఎదుర్లంక బ్రిడ్జి దాటి జనం వెళ్ళేది అందుకే. తాగిన గుంపు మధ్య నీ గుట్టు నీ చేతిలో ఉండదు, పైగా రాత్రి బైక్ మీద తిరిగి రావాలి. నేనైతే వద్దంటాను. హైదరాబాద్‌లో 2013 నుంచి ప్రైడ్ నడక, అంటే మనవాళ్ళు దాక్కోకుండా వీధిలో కలిసి నడిచే ఊరేగింపు, జరుగుతోంది, మనుషులు దొరుకుతారు, ఉద్యోగం దొరికితే వెళ్ళు. ఈ భయంతో మాత్రం పారిపోవద్దు. మన దేశంలో చాలాచోట్ల మనకంటూ బార్ ఉండదు, మామూలు బార్‌లో వారానికి ఒక రాత్రి ఉంటుంది. ముంబయి కొలాబాలో వూడూస్ అనే చోట 1990ల్లో శనివారం రాత్రులు అలాగే నడిచాయి. ఒక్క రాత్రి, తెలిసిన మనుషులు, అంతే. నీకు నమ్మకమైన నలుగురు దొరికితే నెలకో ఆదివారం ఎవరింట్లోనైనా వండుకు తినండి, అదీ చోటే. మన జిల్లాల్లో హిజ్రాల ఇళ్ళు చూడు, గురువు, చేలాలు, పండగలు, కష్టమొస్తే ఆదుకునే మనిషి, అన్నీ ఒకే కప్పు కింద. సుప్రీంకోర్టు వాళ్ళని 2014లో మూడో జెండర్‌గా గుర్తించింది, వాళ్ళు ఆ చోటు నిలబెట్టుకుంది అంతకు చాలా ముందు నుంచి.

ప్రశ్న: అయ్యా, నాకు 66, రిటైర్డ్ టీచర్ని. మా కుర్రతనంలో నలుగురం సెకండ్ షోకి వెళ్ళేవాళ్ళం. సినిమా మాకు అంత ముఖ్యం కాదు. వదిలాక సోడా బండి దగ్గర కాసేపు, ఆ తర్వాత కాలవ గట్టు మీద తెల్లవారుజాము దాకా. మా సంగతి మాకే తెలుసు, పైకి ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడా హాలు కల్యాణ మండపం. ఇద్దరు పోయారు, ఒకాయన కొడుకు దగ్గర బెంగళూరులో ఉన్నారు. మా ఆవిడ కాలం చేసి మూడేళ్ళయింది. ఈ యాప్‌లు నాకు రావు. ఇలాంటివి మీ పత్రికలో రాస్తారని తెలిసి రాస్తున్నాను. (నిడదవోలు)

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను.

మీరు చెప్పిన ఆ కాలవ గట్టుకీ, నేను న్యూజెర్సీలో చూసిన బోర్డు లేని బార్‌కీ నాకేమీ తేడా కనిపించలేదు. మన డెల్టాలో రాత్రికి ఎన్ని ఆసరాలుండేవి! తీర్థాల్లో రికార్డింగ్ డాన్సులు, తెల్లార్లూ నాటకాలు, ఆడవేషం కట్టిన కుర్రాణ్ణి ఊరంతా కళ్ళప్పగించి చూడ్డం, ఆ జనంలో ఒక మగవాడి భుజం మీద ఇంకో మగవాడు తల పెట్టి పడుకున్నా ఎవరూ ఏమీ అనుకోకపోవడం. ఇప్పుడు తొమ్మిదిన్నరకి వీధి తలుపులు పడిపోతున్నాయి, ఎవరి ఫోన్ వాళ్ళది, గట్టు మీద ఇద్దరు కూర్చుంటే బైక్ ఆపి లైటు కొట్టి చూస్తున్నారు. ఒక హాలు పోతే మీలాంటి నలుగురికి ఏం పోయిందో ఏ లెక్కల్లోనూ రాలేదు, మీరు రాయబట్టి నాకు తెలిసింది.

బెంగళూరు ఆయనకి ఫోన్ చేయండి. పాత సంగతి ఎత్తాలని లేదు, సోడా బండి గుర్తుందా అని అడగండి. వీలైతే ఓసారి రైలెక్కి వెళ్ళి రండి. పై ఉత్తరం రాసిన భీమవరం అబ్బాయి మీలాంటి పెద్దవాళ్ళతో మాట్లాడాలనుకుంటాడని నా మనసు చెబుతోంది. అతన్ని అడుగుతాను, మీ ఇద్దరికీ ఇష్టమైతేనే కలుపుతాను. ఉత్తరంలో మీ నంబరు రాయలేదు. ఒక కార్డు ముక్క మీద రాసి పంపండి, రాత్రి తొమ్మిదిన్నర దాటాక నేనే ఫోన్ చేస్తాను, సెకండ్ షో టైముకి.