ఏఐ ఏజెంట్ డాష్‌బోర్డులు తయారుచేయడానికి వాడే టూల్‌కి డాక్యుమెంటేషన్ ఎలా రాయాలి?

ఇక్కడ మీ రాత చదివేది ఏజెంట్‌ని నడిపే ఏఐ మోడల్. ఎంసీపీ (ఏఐ మోడళ్లను బయటి టూల్స్‌తో కలిపే ప్రమాణం) పద్ధతిలో దానికి ముఖ్యంగా అందేవి టూల్ పేరు, వివరణ, ఇన్‌పుట్ స్కీమా (ఏ ఇన్‌పుట్ ఏ రూపంలో ఇవ్వాలో చెప్పే నమూనా). మీ వికీ పేజీ ఎంత బాగున్నా దాని కంటపడదు కాబట్టి అసలు సరుకంతా ఆ వివరణలోనే ఉండాలి.

ఏజెంట్లు ఎక్కువగా బోల్తాపడేది క్వెరీల (డేటా తెచ్చే ప్రశ్నల) దగ్గరే. సిస్టమ్‌ల కొలతలు (మెట్రిక్స్) సేకరించే ప్రొమీథియస్‌లో కౌంటర్ అనే రకం మెట్రిక్ విలువ, రీస్టార్ట్ అయితే తప్ప, తగ్గదు. దాన్ని నేరుగా గీస్తే గ్రాఫ్ పైకి పోతూనే ఉంటుంది, ఎవరికీ ఏమీ అర్థం కాదు. అందుకే కౌంటర్లను, సెకనుకు ఎంత పెరుగుతున్నాయో చెప్పే రేట్ ఫంక్షన్‌లో పెట్టమని, ఒక పూర్తి ఉదాహరణతో సహా రాయండి. మెట్రిక్ పేర్లు ఊహించకుండా, ముందు వాటి జాబితా తెచ్చే టూల్‌ని పిలవమని కూడా చెప్పండి. లేని పేరు ఇస్తే ఎర్రర్ రాదు, ఖాళీ ప్యానెల్ (డాష్‌బోర్డులో గ్రాఫ్ ఉండే పెట్టె) వస్తుంది. ఏజెంట్ మాత్రం పని అయిపోయిందనుకుంటుంది!

విలువలు సెకన్లా, మిల్లీసెకన్లా అన్నది స్కీమాలోనే తేల్చేయండి. ఉన్న డాష్‌బోర్డును ఓవర్‌రైట్ చేసే ఆప్షన్ ఉంటే, యూజర్‌ని అడగకుండా వాడొద్దని స్పష్టంగా రాయాలి.

ఎర్రర్ మెసేజ్‌లూ డాక్యుమెంటేషనే. ఉదాహరణకు, డాష్‌బోర్డులు చూపే సాఫ్ట్‌వేర్ గ్రఫానాలో ప్యానెళ్లు అమర్చే గ్రిడ్ వెడల్పు 24 గడులు. "ఇన్‌పుట్ తప్పు" అనే బదులు "ప్యానెల్ వెడల్పు 24 దాటింది, తగ్గించండి" అంటే ఏజెంట్ తనే సరిచేసుకుంటుంది.