కొండగుర్తులు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

అంటార్కిటికా వెళ్తున్నావు కదా, అక్కడి చలి సంగతి ఔలీ మంచుకొండల్లో ఇచ్చే శిక్షణలో వాళ్లే చెబుతారు. నేను దారి సంగతి రాస్తాను. నువ్వు జనరేటర్ దగ్గర ఉండే మెకానిక్‌వే కావచ్చు, అయినా మన మైత్రి స్టేషన్ ఉన్న షిర్మాకర్ ఒయాసిస్‌లో, అంటే మంచు మధ్య బయటపడ్డ ఆ రాతినేలలో, కొండగుర్తులు నీకు మన పొలం గట్లంత బాగా తెలిసుండాలి.

మన మొదటి స్టేషన్ దక్షిణ గంగోత్రిని 1983-84లో సముద్రం మీద తేలే మంచు పలక మీద కట్టారు. అది మంచులో కూరుకుపోయింది. అందుకే మైత్రిని రాతినేల మీద నిలబెట్టారు. ఆ రాతినేలంతా కలిపి సుమారు 35 చదరపు కిలోమీటర్లు. దక్షిణాన ఖండపు మంచు గోడలా లేచి ఉంటుంది. ఉత్తరాన మంచు పలక, అది దాటితే సముద్రం. స్టేషన్ ముందే ప్రియదర్శిని సరస్సు, మీరు తాగే నీళ్లు అవే. తూర్పున నాలుగైదు కిలోమీటర్లలో రష్యా వాళ్ల నోవోలజరెవ్‌స్కయా. వెళ్లిన మొదటి వారంలోనే వీటిని కంటికి పట్టించుకో. మే చివర పొద్దు గుంకితే మళ్లీ జులై చివరకే కనిపిస్తుంది.

పొద్దును చూసి దిక్కు చెప్పే మన అలవాటు అక్కడ కొంప ముంచుతుంది. మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరాన ఉంటాడురా! నాకది తలకెక్కడానికి చాలా రోజులు పట్టింది. గాలిని నమ్ముకో, ఎక్కువగా ఆగ్నేయం నుంచే వీస్తుంది. మంచు మీద అది చెక్కిన గరుకు గీతలూ అటే పడుకుని ఉంటాయి. చుట్టూ తెల్లబడి ఏమీ కనపడనప్పుడు మాత్రం గీతలూ వద్దు, ధైర్యమూ వద్దు. ఉన్నచోటే ఉండి వాకీటాకీలో చెప్పు.

దూరాల్ని అసలు నమ్మకు. గాలిలో దుమ్ము లేదు, పోల్చుకోడానికి చెట్టు లేదు. అరగంట నడక అనుకుని ఒక రాతిగుట్ట వైపు బయల్దేరి, రెండు గంటలు నడిచి, చేరకుండానే వెనక్కొచ్చి చీవాట్లు తిన్నాను. వోల్తాట్ పర్వతాలైతే చెయ్యి చాస్తే అందేట్టుంటాయి. వాటి దారిలో మంచు పగుళ్లున్నాయి, జట్టు లేకుండా అటు అడుగెయ్యకు. వేసవిలో సరస్సు అంచులు ముందు కరుగుతాయి, అక్కడా అంతే.

ఎర్రటి గార్నెట్ గింజలున్న రాళ్లు కనిపిస్తే జేబులో వేసుకోవాలనిపిస్తుంది. వెయ్యకు, చట్టం ఒప్పుకోదు. మీ అమ్మ అడిగినా తేవద్దు.

ఒయాసిస్‌లోకి ముక్కులా పొడుచుకొచ్చిన, ఆ పాత స్టేషన్ పేరే ఉన్న దక్షిణ గంగోత్రి హిమానీనదం ఉంది చూడు, మనవాళ్లు ఏటా కొలుస్తుంటారు. నేనున్నప్పటికంటే ఎంత వెనక్కి పోయిందో అడిగి రాయి.

మీ మామయ్య