బోర్డు హ్యాంగ్ అవుతోందని దారి మార్చాలా?

ప్రశ్న: మావాడు అనంతపురంలో ఈసీఈ మూడో సంవత్సరం. మా చీనీ తోటలో డ్రిప్ మోటారు దానంతటదే ఆన్, ఆఫ్ అయ్యేలా రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో ప్రాజెక్టు చేస్తున్నాడు. అది రోజుకు రెండు మూడుసార్లు హ్యాంగ్ అవుతోంది. నెల రోజులుగా దాంతోనే కుస్తీ. మొన్న కోపమొచ్చి బోర్డు బీరువాలో పెట్టి తాళం వేశాను. హైదరాబాద్‌లో లక్షన్నర ఫీజుతో ఏఐ కోర్సులో చేరమంటే వినడు. ఎంబెడెడ్ (యంత్రాల్లో ఇమిడి ఉండే చిన్న కంప్యూటర్ల పని), ఏఐ రెండింట్లో దేనికి భవిష్యత్తు ఉంది?
- ఒక తండ్రి, కళ్యాణదుర్గం

జవాబు: మీరు అడిగింది కోర్సుల గురించే గానీ, నెల రోజులు ఒకేచోట ఆగిపోయాడంటే మావాడికి చేతకాదేమో అన్నదే మీ అసలు టెన్షన్. ఈ భయంతో నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు చాలామంది. అనుభవమున్న ఇంజినీర్లను కూడా ఇలా బోర్డు హ్యాంగయ్యే సమస్య వారాల తరబడి తిప్పలు పెడుతుంది. ఎర్రర్ మెసేజ్ వస్తే వెతుక్కోవచ్చు. హ్యాంగైన బోర్డు ఏమీ చెప్పదు, దానిచేత చెప్పించాలి. ఎంబెడెడ్ కంపెనీలు జీతమిచ్చేది ఈ పనికే.

అబ్బాయితో ఈ మాటలు చెప్పండి. ముందు పవర్ చూసుకోవాలి. ఆ బోర్డుకు 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు ఇచ్చే సప్లై ఉండాలి. పాత ఫోన్ చార్జర్, సన్నటి కేబుల్ పెడితే లోడ్ పెరగగానే వోల్టేజి పడిపోతుంది. 4.63 వోల్టుల కిందికి జారితే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) రాసుకునే లాగ్‌లో ‘అండర్ వోల్టేజ్ డిటెక్టెడ్’ అని, అంటే వోల్టేజి తగ్గిందని, పడుతుంది. మోటారును ఆన్, ఆఫ్ చేసే స్విచ్ (రిలే) పడిన క్షణంలోనే హ్యాంగ్ అవుతోందా అన్నది టైముతో సహా రాసుకుంటే సగం దారి దొరికినట్టే. స్క్రీన్ కదలనప్పుడు ల్యాప్‌టాప్ నుంచి నెట్‌వర్క్ ద్వారా పింగ్ చేయాలి, అంటే ‘ఉన్నావా’ అని పలకరించాలి. జవాబొస్తే కెర్నల్ బతికే ఉంది, తప్పు ప్రోగ్రాములోనో, మెమరీ నిండిపోవడంలోనో, ఎస్‌డీ కార్డులోనో ఉండొచ్చు. జవాబు రాకపోతే సీరియల్ కన్సోల్ పెట్టి, అంటే బోర్డు మెసేజ్‌లు కేబుల్ మీదుగా ల్యాప్‌టాప్‌కు వచ్చేలా చేసి, ఆగేముందు వచ్చిన చివరి లైన్లను ల్యాప్‌టాప్‌లో సేవ్ చేసుకోవాలి. బోర్డు మీద ఆ కేబుల్ తగిలించే పిన్నులు 3.3 వోల్టులవి, 5 వోల్టులు తగిలితే బోర్డు పోవచ్చు. హ్యాంగైన ప్రతిసారీ ప్లగ్ పీకేస్తే ఎస్‌డీ కార్డు కూడా పాడవ్వొచ్చు. మన ఎండలకు షెడ్డులో వేడెక్కుతుందన్నది నిజమే కానీ, 80 డిగ్రీలు దాటితే ప్రాసెసర్ సాధారణంగా వేగం తగ్గించుకుంటుంది, అంతేగానీ ఆగిపోదు. వాచ్‌డాగ్ అనే కాపలా టైమర్ పెడితే హ్యాంగైన బోర్డు తనే రీస్టార్ట్ అవుతుంది. తోటకు అది కావాలి, కానీ కారణం దొరికాకే పెట్టమనండి. ముందే పెడితే జబ్బు కప్పిపెట్టినట్టవుతుంది.

ఇక ఏఐ సంగతి. అది గొప్ప రంగమే. నా అనుమానం ఈ కొన్ని నెలల కోర్సుల మీద. శుభ్రం చేసి పెట్టిన డేటా చేతికిచ్చి, నాలుగు లైన్ల కోడ్ రన్ చేయించి సర్టిఫికెట్ ఇస్తారు. బ్యాచ్ అంతా అవే ప్రాజెక్టులు రెజ్యూమెలో పెట్టుకుంటారు. ఇంటర్వ్యూలో ‘మోడల్ ఎందుకు తప్పింది’ అని అడిగితే నోరు పెగలదు. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ గట్టిగా లేని పిల్లలకు ఆ డబ్బు దండగ. మీవాడికి నిజంగా ఆసక్తి ఉంటే డిగ్రీ అయ్యాక కూడా నేర్చుకోవచ్చు. ఎంబెడెడ్‌లోనూ మొదటి ఉద్యోగం సులభంగా దొరకదు, చిన్న కంపెనీల్లో మొదటి జీతం తక్కువే. అయినా సీ ప్రోగ్రామింగ్ భాష, లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చి, ‘నా బోర్డు ఇందుకు ఆగింది, ఇలా పట్టుకున్నా’ అని చెప్పగలిగే కుర్రాడి మాట బెంగళూరులో వింటారు.

ఒక మాట గట్టిగానే చెప్తాను, ఏమీ అనుకోకండి. బోర్డును బీరువాలో పెట్టి తాళం వేయడం తప్పు. మీ తోట కోసమే కదా ఆ పిల్లాడు కష్టపడుతున్నది! ఫోన్‌లో రీల్స్ చూస్తూ రాత్రంతా మేలుకుంటే తిట్టండి, అర్థముంది. దీనికి తిడితే ఇకమీదట కష్టమైన పని మీకు కనబడకుండా చేస్తాడు, లేదా అసలు చేయడు. పక్కింటి అబ్బాయి ప్యాకేజీ మాట మీవాడి ముందు ఎత్తడం కూడా ఆపండి.

ఈ రాత్రే తాళం తీసి బోర్డు చేతికివ్వండి. మంచి పవర్ సప్లై, సీరియల్ కేబుల్ కొనివ్వండి, రెండూ కలిపి రెండు వేలలోపే. కోర్సువాళ్లు ‘సీట్లు అయిపోతున్నాయి’ అని ఫోన్ చేస్తారు. సెమిస్టర్ పరీక్షలు అయ్యేదాకా అడ్వాన్సు కట్టకండి.